ఒక్క షేరు మీద ముసలితనం

సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబరులో. మైక్రోసాఫ్ట్ హైదరాబాదులో డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచిందీ ఆ ఏడే. అప్పుడు పాతికేళ్ళ వయసులో ఉద్యోగంలో చేరినవాళ్ళు ఇప్పుడు యాభై దాటారు. ఐటీ జీతంతో ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని చదివించుకుని రిటైర్మెంటు దాకా వచ్చిన మొదటి తరం ఇది. ఖాజాగూడ, నానక్‌రాంగూడ, రాయదుర్గం అపార్ట్‌మెంట్లలో ఈ కుటుంబాలు చాలా కనిపిస్తాయి. వీళ్ళ నాన్నల్లో చాలామందికి పెన్షన్ ఉండేది. వీళ్ళ దగ్గర ఉన్నవి పీఎఫ్, కొన్ని మ్యూచువల్ ఫండ్లు, బ్యాంకులో డిపాజిట్లు, ఓ ఫ్లాటు. కొందరి దగ్గర వీటన్నిటినీ మించి ఎదిగిన ఒకే ఒక్క కంపెనీ షేరు ఉంది.

అది పనిచేసే కంపెనీ జీతంలో భాగంగా ఏటేటా ఇచ్చిన షేర్ల (ఆర్ఎస్‌యూల) రూపంలో పోగుపడి ఉండొచ్చు, ఎప్పుడో ఐపీవోలో వచ్చిన వంద షేర్లు బోనస్‌లతో పెరిగి ఉండొచ్చు. ఎలా వచ్చినా ప్రశ్న ఒకటే. మొత్తం దాచుకున్నదాంట్లో సగమో, ముప్పాతికో ఒక్క షేరే అయిపోయినప్పుడు కొంత అమ్మి తగ్గించుకోవాలా? తగ్గిస్తే ఎప్పుడు, ఎంత? చార్టు చూసో, వచ్చే త్రైమాసికం ఫలితాలు ఊహించో జవాబు చెప్పే ప్రశ్న కాదిది. ఆ డబ్బు మీద ఎవరు, ఎన్నేళ్ళు బతకాలో ముందు లెక్క తేలాలి. నేను ఆ వైపు నుంచే వస్తాను.

ఈ ఊరికి ఈ విషయంలో సొంత చరిత్ర ఉంది. 1987లో హైదరాబాదులో మొదలైన సత్యం కంప్యూటర్స్ 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి దాకా వెళ్ళింది. 2008 నాటికి 53,000 మంది దాకా ఉద్యోగులు. 2008 మధ్యలో షేరు 500 దాటింది. ఆ సెప్టెంబరులోనే కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకుంది. డిసెంబరు 16న ఛైర్మన్ కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లతో కొంటామని ప్రకటించి, మదుపుదారులు తిరగబడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. వారం తిరక్కుండా ప్రపంచ బ్యాంకు సత్యంపై పెట్టిన ఎనిమిదేళ్ళ నిషేధం సంగతి బయటపడింది. తర్వాత స్వతంత్ర డైరెక్టర్లు ఒక్కొక్కరుగా తప్పుకున్నారు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరం వచ్చింది. పుస్తకాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు లేనే లేవని ఆయనే రాశారు. ముందురోజు 179 దగ్గర ముగిసిన షేరు ఆ సాయంత్రానికి 40కి దిగింది.

సత్యంలో పనిచేస్తూ, సత్యం షేర్లే దాచుకున్నవాళ్ళ సంగతి తలచుకోండి. జీతం ఉంటుందో లేదో తెలీదు. దాచుకున్నది నాలుగో వంతు కూడా మిగల్లేదు. బాచుపల్లిలో మేటాస్ కడుతున్న హిల్ కౌంటీలో ఫ్లాటు బుక్ చేసుకున్నవాళ్ళకు ఇల్లూ మధ్యలో ఆగింది. వేర్వేరు ఆస్తులని అనుకున్నవన్నీ ఒకే వేరుకు పుట్టినవని ఆ వారంలో తేలింది.

ఈ కథను చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. తర్వాతి భాగం కూడా అంతే ముఖ్యం. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా 58 రూపాయల చొప్పున వాటా కొని కంపెనీని నిలబెట్టింది. 2013లో విలీనమైనప్పుడు 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు. 2015లో బోనస్, స్ప్లిట్ కలిసి ఆ రెండూ ఎనిమిదయ్యాయి. 2024 చివరికి ఆ ఎనిమిది షేర్ల విలువ 12,000 దాటింది. ఉత్తరం బయటపడిన ముందురోజు 17 సత్యం షేర్ల విలువ 3,000 పైచిలుకు. 2008 మధ్యలో 500 ధరతో లెక్కేసినా 8,500. అంటే అమ్మకుండా భరించిన ముప్పై ఏళ్ళ ఉద్యోగి చివరికి నిలదొక్కుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ ఉద్యోగికి ఆ పదిహేనేళ్ళు లేవు. ఆ మధ్యలోనే కూతురి పెళ్ళి, గుండె ఆపరేషన్, ఇంటి ఖర్చు అన్నీ వచ్చి ఉంటాయి, 40కో 60కో అమ్ముకోక తప్పి ఉండదు. షేరు ఒకటే, పతనం ఒకటే, నష్టం మాత్రం వయసును బట్టి వేరు.

‘కంపెనీ బాగున్నంతకాలం ఉంచుకో, చెడితే అమ్ము’ అనే సూత్రాన్ని నేను పూర్తిగా నమ్మలేకపోవడానికీ సత్యమే కారణం. చెడిందన్న సంగతి బయటివాళ్ళకు తెలిసేసరికి ధర ముందే కిందికి వెళ్ళిపోయింది. ఆడిటర్ సంతకం, అవార్డు, విదేశీ లిస్టింగ్ అన్నీ సవ్యంగా ఉన్నట్టే కనిపించాయి. మేటాస్ ప్రకటనకూ ఉత్తరానికీ మధ్య మూడు వారాలున్నాయి, మెలకువగా ఉన్నవాళ్ళు ఆ మూడు వారాల్లో బయటపడి ఉండొచ్చు. కానీ ఆ మూడు వారాల్లో చాలామంది చేసింది ధర తిరిగి వస్తుందేమో అని ఎదురుచూడటం.

అమ్మకూడదనేవాళ్ళ వాదన కూడా బలహీనమైంది కాదు. వాళ్ళ సాక్ష్యమూ ఈ ఊళ్ళోనే ఉంది. మందుల కంపెనీ దివీస్ ల్యాబొరేటరీస్ 2003లో 140 రూపాయలకు ఐపీవోకు వచ్చింది. 2007లో పది రూపాయల షేరును రెండు రూపాయల ముఖవిలువకు విడగొట్టారు. 2009లో, 2015లో ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చారు. ఆనాటి ఒక్క షేరు ఇరవై అయింది. 2021లో ఒక్కోటి 5,000 దాటింది. 140 రూపాయలు లక్ష అయిందన్నమాట. దాన్ని 2007లోనో 2010లోనో ‘ఇంత చాలు’ అని అమ్మేసినవాళ్ళ బాధ నిజమైనదే. 2017 మార్చిలో విశాఖ యూనిట్‌పై అమెరికా ఎఫ్‌డీఏ దిగుమతి నిషేధం (ఇంపోర్ట్ అలర్ట్) పెట్టినప్పుడు షేరు ఒక్కరోజులోనే భారీగా పడింది. అప్పుడు భయపడి అమ్మినవాళ్ళూ ఉన్నారు. ఆ నిషేధం ఏడాది తిరక్కుండానే తొలగిపోయింది.

మనుషులు లాభాల్లో ఉన్నదాన్ని తొందరపడి అమ్మి, నష్టాల్లో ఉన్నదాన్ని పట్టుకుని కూర్చుంటారని 1985లో ఫైనాన్స్ ప్రొఫెసర్లు హెర్ష్ షెఫ్రిన్, మీర్ స్టాట్‌మన్ రాశారు. టెరన్స్ ఓడీన్ 1998లో పదివేల బ్రోకరేజి ఖాతాలు పరిశీలించి, అమ్మేసిన లాభాల షేర్లు ఉంచుకున్న నష్టాల షేర్లకన్నా తర్వాతి ఏడాదిలో సగటున 3.4 శాతం ఎక్కువ ఇచ్చాయని తేల్చారు. ‘గెలిచేదాన్ని కదపకు’ అనేవాళ్ళకు ఇది బలం. అయితే ఆ పరిశోధన ఏ షేరు అమ్మాలో చెబుతుంది తప్ప, ఇంటి మొత్తం సంపాదనలో ఒక్కటే 65 శాతం అయినప్పుడు ఏం చేయాలో చెప్పదు.

దానికి దగ్గరగా వచ్చింది ఇంకో ఫైనాన్స్ ప్రొఫెసర్ హెండ్రిక్ బెసెంబైండర్. 1926 నుంచి 2016 దాకా అమెరికాలో లిస్టయిన కంపెనీలన్నిటినీ లెక్కగట్టి 2018లో ప్రచురించారు. అమెరికా ప్రభుత్వ ట్రెజరీ బిల్లులను మించి మార్కెట్ అదనంగా సృష్టించిన సంపద మొత్తం పైనున్న 4 శాతం కంపెనీలదే. మిగతా 96 శాతం కలిపి ట్రెజరీ బిల్లుతో సరిపెట్టుకున్నాయి. దీన్ని రెండు వైపులా వాడతారు. ఆ నాలుగు శాతంలో ఒకటి నీ చేతిలో పడితే వదలొద్దంటారు ఒకరు. నీ చేతిలో ఉన్నది ఇకముందు కూడా ఆ నాలుగులోనే ఉంటుందని ఎవరు చెప్పారంటారు ఇంకొకరు. నేను రెండోవాళ్ళ వైపు. ఇప్పటిదాకా గెలిచినది అన్న ఒక్క గుణం ఇకముందుకు హామీ ఇవ్వదు. 1980 తర్వాత అమెరికన్ షేర్లపై జేపీ మోర్గాన్ చేసిన లెక్కలో దాదాపు 40 శాతం కంపెనీలు తమ శిఖరం నుంచి 70 శాతానికి పైగా పడి మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు. శిఖరం మీద ఉన్న రోజున అవన్నీ గెలిచిన షేర్లే.

పెద్ద కంపెనీలకు ఇది వర్తించదని మన ఐటీ కారిడార్‌లో ఓ నమ్మకం బలంగా ఉంది. మైక్రోసాఫ్ట్ షేరు 1999 డిసెంబరు నాటి ధరను మళ్ళీ దాటింది 2016 అక్టోబరులో. మధ్యలో దాదాపు పదిహేడేళ్ళు. ఆ కంపెనీ ఏనాడూ దివాలా దరిదాపులకు కూడా వెళ్ళలేదు, ఏటా లాభాలు ఆర్జించింది, అయినా ధర రాలేదు. నానక్‌రాంగూడలో 2019లో ప్రపంచంలోనే తన అతిపెద్ద క్యాంపస్ తెరిచిన అమెజాన్ 1999-2001 మధ్య 90 శాతానికి పైగా పడింది. మెటా 2021 సెప్టెంబరు నుంచి 2022 నవంబరు దాకా నాలుగింట మూడొంతులు పోగొట్టుకుంది. ఎన్విడియా కూడా అదే కాలంలో మూడింట రెండొంతులు పడింది. ఈ రెండూ వేగంగా లేచాయి కాబట్టి పడిన సంగతి మనకు గుర్తులేదు. ఆ నవంబరులో రిటైరైనవాళ్ళకు గుర్తుంటుంది.

ఒక లెక్క వేద్దాం. ఖాజాగూడలో ఉండే 54 ఏళ్ళ ఉద్యోగి, ఇల్లు కాకుండా నాలుగు కోట్లు దాచుకున్నారనుకుందాం. అందులో 2.6 కోట్లు ఒకే షేరు, అంటే 65 శాతం. ఇంటి ఖర్చు ఏడాదికి 12 లక్షలు. షేరు 70 శాతం పడితే చేతిలో మిగిలేది 2.18 కోట్లు. వడ్డీ, ధరల పెరుగుదల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయనుకుంటే అది 18 ఏళ్ళ ఖర్చు. అదే షేరును ముందే 20 శాతానికి తగ్గించుకుని ఉంటే, పన్ను పక్కనపెడితే, 3.44 కోట్లు మిగిలేవి, 28 ఏళ్ళు దాటి వచ్చేవి. 54 ఏళ్ళ మనిషికీ, ఆయనకన్నా నాలుగైదేళ్ళు చిన్నదైన భార్యకూ 18 ఏళ్ళు చాలవు. 28 దాదాపు సరిపోతాయి. ఇప్పుడు రెండో వైపు చూడండి. షేరు రెట్టింపైతే తగ్గించుకోనివాళ్ళ దగ్గర 6.6 కోట్లు, తగ్గించుకున్నవాళ్ళ దగ్గర 4.8 కోట్లు. 1.8 కోట్ల తేడా చిన్నదేం కాదు. అయినా 4.8 కోట్లతో ఆ ఇల్లు ఏ లోటూ లేకుండా గడుస్తుంది. పైకి వెళ్ళినప్పుడు వదులుకునేది పిల్లలకు మిగిలే సొమ్ము. కిందికి వెళ్ళినప్పుడు పోయేది అమ్మానాన్నల చివరి పదేళ్ళ మందులూ ఇంటి ఖర్చూ. ఈ రెండిటినీ ఒకే త్రాసులో తూచకూడదని నా గట్టి అభిప్రాయం.

ఆ 65 శాతం కూడా తక్కువ చేసి చెప్పిన లెక్కే. జీతం ఆ కంపెనీదే. ఫ్లాటు విలువ, దానికొచ్చే అద్దె అదే కారిడార్‌లోని ఉద్యోగాల మీద ఆధారపడ్డాయి. మ్యూచువల్ ఫండ్లలో నాస్‌డాక్ ఫండ్ ఉంటే అందులోనూ ఆ కంపెనీ ఉండొచ్చు. టెక్ రంగానికి గట్టి దెబ్బ తగిలితే ఇవన్నీ ఒకేసారి కదులుతాయి. అందుకే వేరే రంగంలో పనిచేస్తూ ఒక టెక్ షేరు 30 శాతం ఉన్నవాళ్ళకన్నా, ఆ కంపెనీలోనే పనిచేస్తూ 20 శాతం ఉన్నవాళ్ళకే ప్రమాదం ఎక్కువ.

మనవాళ్ళలో బాగా ప్రచారంలో ఉన్న పద్ధతి ‘అసలు తీసేయడం’. లక్ష పెట్టి అది మూడు లక్షలైతే లక్ష తీసుకుని, మిగిలిన రెండు లక్షలు ఊరికే వచ్చినవే కదా అని వదిలేయడం. మనసుకు హాయినిచ్చే పద్ధతే. కానీ ఆ రెండు లక్షలూ అసలు లాంటి డబ్బే. అవి పోతే కిరాణా కొట్టు వాడు అసలు, లాభం అని తేడా చూపించి సరుకు ఇవ్వడు. షేరు 65 శాతం ఉన్న ఇంట్లో అసలు తీసేశాక కూడా అది 60 శాతం దగ్గరే ఉండొచ్చు, ఎందుకంటే గెలిచిన షేరులో అసలు చిన్నదే. ఈ పద్ధతి తగ్గించాల్సినంత తగ్గించదు.

‘ఏ షేరూ పది శాతం దాటకూడదు’ అన్నది ఇంకో కొలత. ఇది కేవలం జాగ్రత్తపరుల మాట కాదు. సెబీ నిబంధనల ప్రకారం మామూలు ఈక్విటీ మ్యూచువల్ ఫండ్ కూడా ఒక కంపెనీ షేర్లలో తన నికర ఆస్తుల్లో పది శాతానికి మించి పెట్టడానికి వీల్లేదు. పగలంతా కంపెనీలను చదవడమే పనిగా ఉన్న ఫండ్ మేనేజరుకే ఆ హద్దు ఉన్నప్పుడు, ఆఫీసు, ఇల్లు, ఓఆర్ఆర్ ట్రాఫిక్కు మధ్య నలిగే ఉద్యోగికి హద్దు అక్కర్లేదనడం కష్టం. అయితే 65 నుంచి పదికి ఒక్క రోజులో దిగమని నేను అనను. రిటైర్మెంటుకు పదేళ్ళున్నవాళ్ళు ఇరవైతో ఆగొచ్చు. అయిదేళ్ళలోపు ఉన్నవాళ్ళు పదికి దిగే దారిలో ఉండాలి. దానికి తేదీలు ముందే రాసుకోవడం మంచిది, మూడు నెలలకొకసారి ఇన్ని షేర్లు అని. ఎందుకంటే పెరుగుతున్నప్పుడు ‘ఇంకాస్త ఆగుదాం’ అనిపిస్తుంది, పడుతున్నప్పుడు ‘మళ్ళీ ఆ ధర రానీ’ అనిపిస్తుంది. తన కంపెనీ షేరైతే ట్రేడింగ్ విండో మూసి ఉన్న రోజుల్లో అమ్మకూడదు కాబట్టి తేదీలు అందుకు తగ్గట్టు పెట్టుకోవాలి.

ఆర్ఎస్‌యూల విషయంలో అయితే తాత్సారానికి సాకే లేదు. షేర్లు వెస్ట్ అయిన, అంటే మన సొంతమైన, రోజు ధరను జీతంలో కలిపి పన్ను కోసేస్తారు. ఆ ధరే కొన్న ధర అవుతుంది. వెంటనే అమ్మితే లాభం దాదాపు సున్నా, కాబట్టి మూలధన పన్నూ దాదాపు సున్నా. అమ్మకుండా ఉంచుకోవడమంటే బోనస్ డబ్బు చేతికొచ్చాక మళ్ళీ అదే షేరు కొనడంతో సమానం. పాతవి అమ్మడానికి మనసొప్పకపోతే కనీసం కొత్తగా వెస్ట్ అయ్యేవి పోగేయకుండా ఉండొచ్చు.

పాతవాటికి అడ్డం వచ్చేది పన్ను. 2024 జులై 23 నుంచి ఏడాది దాటిన లిస్టెడ్ భారతీయ షేర్ల లాభం మీద 12.5 శాతం, ఏటా మొదటి 1.25 లక్షల లాభం మినహాయింపు. అమెరికన్ షేర్లకు రెండేళ్ళు దాటాలి, రేటు అదే 12.5, కానీ ఆ 1.25 లక్షల మినహాయింపు వర్తించదు. పై లెక్కలోని ఉద్యోగి 1.8 కోట్ల షేర్లు అమ్మారనుకుందాం. వాటి కొన్న ధర 60 లక్షలైతే లాభం 1.2 కోట్లు, పన్ను 15 లక్షలు. ఒకే ఏడాది అమ్మితే ఆదాయం కోటి దాటి 15 శాతం సర్‌చార్జి, దానిపై సెస్సు పడి దాదాపు 18 లక్షలవుతుంది. ఏడాదికి మొత్తం ఆదాయం 50 లక్షలు దాటకుండా నాలుగైదేళ్ళకు పరిస్తే సర్‌చార్జి పడదు. జీతం పెద్దదైనవాళ్ళకు ఉద్యోగంలో ఉండగా ఇది కుదరకపోవచ్చు, రిటైరైన మొదటి ఏళ్ళలో కుదురుతుంది. కానీ దాదాపు 2.3 లక్షల సర్‌చార్జి ఆదా కోసం 1.8 కోట్లను అయిదేళ్ళు ప్రమాదంలో పెట్టడం సరైన బేరం కాదు. నేనైతే మొదటి ఏడాదే సగం తీసేస్తాను.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళకు ఇక్కడ సుళువుంది. 401కే, ఐఆర్ఏ అనే రిటైర్మెంటు ఖాతాల్లో షేరు అమ్మి ఫండ్ కొంటే ఆ మార్పిడి మీద పన్ను లేదు. అయినా అమ్మనివాళ్ళు ఉంటారు. 2001లో ఎన్రాన్ కూలినప్పుడు ఉద్యోగుల 401కే సొమ్ములో దాదాపు 60 శాతం ఎన్రాన్ షేర్లే. ఆ తర్వాత 2006 చట్టం కంపెనీ ఇచ్చిన షేర్లను మూడేళ్ళ సర్వీసు తర్వాత వేరే పథకాలకు మార్చుకునే హక్కు ఇచ్చింది.

అమెరికాలో మామూలు ఖాతాలోని షేర్లను చచ్చేదాకా ఉంచుకోవడానికి ఇంకో కారణం చెబుతారు. అక్కడ వారసులకు కొన్న ధర చనిపోయిన రోజు ధరకు పెరుగుతుంది, పాత లాభం మీద పన్ను ఎగిరిపోతుంది. ఆ సలహా విని ఖాజాగూడలో పాటించేవాళ్ళు ఒక్క విషయం గమనించాలి: మన దేశంలో అలా జరగదు. తండ్రి కొన్న ధరే కొడుకుకు సంక్రమిస్తుంది, పన్ను వాయిదా పడుతుంది తప్ప పోదు. పైగా అమెరికా పౌరులు, నివాసులు కాని మనవాళ్ళ పేరు మీద అమెరికన్ కంపెనీ షేర్లు 60,000 డాలర్లు దాటి ఉండగా మరణం సంభవిస్తే, దాటినదాని మీద 40 శాతం దాకా అమెరికా ఎస్టేట్ పన్ను ఉంది. ఆ పన్ను విషయంలో భారత్‌కు అమెరికాతో ఒప్పందం లేదు. హైదరాబాదులో ఆర్ఎస్‌యూలు పోగేసుకున్న ఎన్నో ఇళ్ళలో ఈ సంగతి భార్యకు తెలీదు, ఒక్కోసారి భర్తకూ తెలీదు. అమెరికన్ షేరును తగ్గించుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇక అమ్మిన డబ్బు ఎక్కడికి వెళ్ళాలి. ఖాజాగూడలో మొదట వచ్చే ఆలోచన ఇంకో ఫ్లాటు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం షేర్లు అమ్మగా వచ్చిన సొమ్మంతా ఇంట్లో పెడితే లాభం మీద పన్ను మినహాయింపు ఉంది, 2023 నుంచి దానికి పది కోట్ల పరిమితి. ఒకటికి మించి ఇళ్ళు ఉన్నవాళ్ళకు అది వర్తించదు. ఉండటానికి ఇల్లు లేనివాళ్ళకు ఇది చక్కటి దారి. ఇల్లున్నవాళ్ళు పన్ను మిగులుతుంది కదా అని అదే కారిడార్‌లో రెండోది కొంటే, టెక్ షేరులోంచి తీసిన డబ్బును టెక్ ఉద్యోగుల అద్దె మీద పెట్టినట్టవుతుంది. ముసలితనంలో నాలుగు లక్షలు కావాలంటే ఫ్లాటులో ఒక గది అమ్మలేం.

మొదటి వాటా క్రమం తప్పకుండా వడ్డీ వచ్చే చోటికి వెళ్ళాలని నా అభిప్రాయం, తర్వాతిది విశాలమైన భారతీయ ఇండెక్స్ ఫండుకు. అరవై నిండినవాళ్ళకు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ పరిమితి 2023 ఏప్రిల్ నుంచి మనిషికి 30 లక్షలు, ఇద్దరికీ అరవై నిండాక భార్యాభర్తలకు 60 లక్షలు. 8.2 శాతం రేటైతే ఏడాదికి 4.92 లక్షలు, నెలకు సగటున 41,000. పైన లెక్కేసిన ఇంటికి నెలకు లక్ష ఖర్చు. అందులో అయిదింట రెండు వంతులు షేరు ఏ ధర దగ్గరున్నా వచ్చేస్తాయి. మిగతాదానికి పీఎఫ్, ఫండు, ఇంకా ఉంచుకున్న ఆ పది శాతం షేరు ఉన్నాయి.